బేస్‌బాల్‌లో ‘ఒకే సీజన్‌లో అత్యధిక విజయాలు’ పట్టికను చదవడం ఎలా?

క్రికెట్‌లో గెలుపు జట్టుదే, ఏ బౌలర్ ఖాతాలోనూ వేయరు. బేస్‌బాల్‌లో మాత్రం ప్రతి గెలుపునూ ఒక పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) పేరున రాస్తారు. అమెరికా మేజర్ లీగ్ పట్టికలో ‘డబ్ల్యూ’ గడి అదే. ఆ గడి ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది.

1. గెలుపు ఎవరికి రాస్తారో ముందు తెలుసుకోండి. జట్టు ఆధిక్యంలోకి వెళ్లినప్పుడు ఏ పిచర్ ఆటలో ఉన్నాడో, ఆ ఆధిక్యం చివరిదాకా నిలిస్తే గెలుపు అతనిదే. మధ్యలో స్కోరు సమమైతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మ్యాచ్ ప్రారంభించిన పిచర్ మామూలుగా కనీసం 5 ఇన్నింగ్స్ వేయాలి (ఇక్కడ ఒక ఇన్నింగ్స్ అంటే ప్రత్యర్థివి మూడు అవుట్లు, మామూలు మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్). 8-0 ఆధిక్యంలో ఉన్నా ఐదో ఇన్నింగ్స్ పూర్తికాకుండా తప్పుకుంటే అతనికి రాదు. తర్వాత వచ్చినవాళ్లలో బాగా వేసినవాడికి స్కోరర్ ఇస్తారు.

2. పట్టికను 1893 దగ్గర కోయండి. పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య ఇప్పుడున్న 60 అడుగుల 6 అంగుళాల దూరం ఆ ఏడాదే వచ్చింది. అంతకుముందు దగ్గర నుంచి వేసేవారు, జట్టుకు ఒకరిద్దరు పిచర్లే ఉండేవారు. 1884లో ప్రావిడెన్స్ జట్టు పిచర్ ఓల్డ్ హాస్ రాడ్‌బోర్న్ 73 మ్యాచ్‌లు ప్రారంభించి, 73 కూడా తానే ముగించాడు. అతని విజయాలు కొన్నిచోట్ల 59, మరికొన్నిచోట్ల 60 అని కనిపిస్తాయి. అచ్చుతప్పు అనుకోకండి. గెలుపు ఎవరికి రాయాలన్న లిఖిత నియమం అప్పటికి లేదు, అందుకే వేరొకరు ప్రారంభించిన ఒక మ్యాచ్‌పై తేడా మిగిలిపోయింది.

1901 నుంచి మొదలయ్యే ఆధునిక లెక్కలో అగ్రస్థానం జాక్ చెస్‌బ్రోది: 1904లో 41. తర్వాత 1908లో ఎడ్ వాల్ష్, 40.

3. పక్క గడులు చూడండి. ‘జీఎస్’ ప్రారంభించిన మ్యాచ్‌లు, ‘ఐపీ’ వేసిన ఇన్నింగ్స్. ఇక్కడ చాలామంది పొరబడతారు: 454.2 అంటే దశాంశం కాదు, 454 ఇన్నింగ్స్, ఆపైన రెండు అవుట్లు. చెస్‌బ్రో ఆ సీజన్‌లో వేసినది అంత. 1968లో 31 గెలిచిన డెనీ మెక్‌లేన్ వేసినది 336. ఆ తర్వాత 30 గెలుపులు ఎవరికీ రాలేదు. దగ్గరికి వచ్చింది 1990లో బాబ్ వెల్చ్, 27. జట్లు ఇప్పుడు ఐదుగురు స్టార్టర్లను, అంటే మ్యాచ్ ప్రారంభించే పిచర్లను, వంతులవారీగా దింపుతాయి. ఒక్కొక్కరికి ముప్పై పైచిలుకు మ్యాచ్‌లే వస్తాయి, వాటిలోనూ చివరిదాకా వేసేవి అరుదు.

4. జట్టు గెలుపులతో పోల్చండి. వెల్చ్ ఆడిన ఓక్‌లాండ్ ఆ ఏడాది 103 మ్యాచ్‌లు గెలిచింది. 1972లో స్టీవ్ కార్ల్‌టన్‌కు కూడా 27 విజయాలే, కానీ ఫిలడెల్ఫియా మొత్తం గెలిచింది 59! రెండింటిలో కార్ల్‌టన్ 27 చాలా గొప్పది. తలకిందుల ఉదాహరణ 2018లో జేకబ్ డిగ్రామ్. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ బాధ్యతగా ఎన్ని రన్స్ పోయాయో చెప్పే ‘ఈఆర్‌ఏ’ 1.70. జట్టు రన్స్ చేయక గెలుపులు 10 దగ్గరే ఆగాయి, అయినా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే దక్కింది.

5. ఏడాదివారీ జాబితా రాసుకుంటుంటే మ్యాచ్‌ల సంఖ్య కూడా రాయండి. 2020లో కోవిడ్ వల్ల ఒక్కో జట్టుకు పెట్టిన మ్యాచ్‌లు 162 కాదు, 60. ఆ ఏడాది షేన్ బీబర్ 8 విజయాలను 162 మ్యాచ్‌ల సీజన్ పక్కన నేరుగా పెట్టకూడదు.