ఒకరికి ఊపునిచ్చే మాట ఇంకొకరికి ఎందుకు ఎక్కదు? టీమ్ నడిపేవాళ్ల కోసం

రకరకాల దేశాల వాళ్లున్న టీమ్ చేతికొస్తే చాలామంది తమకు ఏది ఊపునిస్తుందో అదే అందరి మీదా ప్రయోగిస్తారు. "నీ ఇష్టం, నువ్వే ఎంచుకో" అంటే ఎవరికైనా హుషారు వస్తుందనుకుంటారు.

రాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు శీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని 7-9 ఏళ్ల పిల్లలకు అక్షరాలు తారుమారైన పదాల పజిల్స్ ఇచ్చారు. కొందరిని సొంతంగా ఎంచుకోమన్నారు, కొందరికి పరిశోధకులే ఎంచి ఇచ్చారు, మిగతావాళ్లకు "ఇది మీ అమ్మ ఎంచింది" అని చెప్పారు. యూరప్ మూలాలున్న పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా చేస్తే, ఆసియా మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడే ఎక్కువ సాధించారు. తెలియని మనిషి ఎంచినప్పుడు అంత చేయలేదు, కాబట్టి "వీళ్లకు ఆర్డరేస్తే చాలు" అని మాత్రం అర్థం చేసుకోకండి.

అందుకే పని అప్పగించేటప్పుడు ఎవరైనా తటపటాయిస్తే చొరవ లేదని ముద్ర వేయొద్దు. రెండు దారులు ముందు పెట్టి, "నాకైతే ఇది నీకు సరిపోతుందనిపిస్తోంది, ఫలానా పని నువ్వు చేసిన తీరు చూశాను కదా" అనండి. ఈ మాట పనిచేయాలంటే ముందు మీరు వాళ్లకు పరాయి మనిషి కాకూడదు, అదే అసలు కష్టం.

ఫీడ్‌బ్యాక్ దగ్గర కూడా ఇంతే. మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హైన్ బృందం 2001లో చూపించిందేంటంటే, ఒక పరీక్షలో తప్పామని తెలిశాక జపాన్ విద్యార్థులు అదే రకం పని మీద ఎక్కువసేపు కూర్చున్నారు, ఉత్తర అమెరికా విద్యార్థులు నెగ్గామని తెలిశాకే ఎక్కువసేపు చేశారు. ఊరికే "సూపర్" అంటే ఒకరు రెచ్చిపోతారు, ఇంకొకరు ఇక ఇందులో చేయడానికేం లేదేమో అనుకుంటారు. రెండోవాళ్లకు ఎక్కడ మెరుగుపడాలో కచ్చితంగా చెప్పండి, విడిగా చెప్పండి. నలుగురిలో పొగడటం కూడా కొందరికి ఇబ్బందే.

అలాగని పాస్‌పోర్ట్ చూసి మనిషిని అంచనా వేయడం ఇంకా పెద్ద పొరపాటు. ఇవన్నీ సగటు లెక్కలు, ఒకే ఇంట్లో అన్నదమ్ములే ఒకలా ఉండరు. తేలిక దారి ఒకటుంది: "నీకు బాగా తృప్తినిచ్చిన పని ఏది? అది అయ్యాక ముందు ఎవరికి చెప్పావు?" అని అడగండి. వాళ్లు మొదటి ప్రశ్నకంటే రెండోదానికి ఏం చెబుతారో జాగ్రత్తగా వినండి, ఎవరి మాట వాళ్లకు ముఖ్యమో అందులోనే తెలుస్తుంది.