రాజశాసనం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నిషేధాన్ని తిరగేసి చదవడం

పోయిన పాఠంలో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ 1598 ఏప్రిల్‌లో ఇచ్చిన నాంట్ శాసనం చదివాం. మన పాఠ్యపుస్తకాల్లో నాంటిస్ శాసనం అని కనిపించేది ఇదే. కాథలిక్ రాజ్యంలో ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగ్నాట్లు, ఎక్కడ ప్రార్థన చేసుకోవచ్చో, ఏ ఉద్యోగాలకు అర్హులో అందులో 92 సాధారణ అధికరణల్లో రాశారు. మరో 56 అధికరణలు విడిగా, రహస్యంగా ఇచ్చారు. చివర్లో ఒక అభ్యాసం ఇచ్చాను గుర్తుందా? ఆ శాసనం తనను తాను ఏమని పిలుచుకుంటుందో వెతకమన్నాను. జవాబు: శాశ్వతం, రద్దు చేయడానికి వీల్లేనిది.

ఈ పాఠంలో చదివేది దాన్ని రద్దు చేసిన శాసనం. హెన్రీ సొంత మనవడు 14వ లూయీ 1685 అక్టోబరులో ఫాంటెన్‌బ్లో రాజభవనంలో దానిమీద సంతకం పెట్టాడు. తాత ఇచ్చిన శాశ్వత శాసనం 87 ఏళ్లు నిలిచింది. మనవడి శాసనం కూడా తనను శాశ్వతమని, రద్దుకు వీల్లేనిదనే చెప్పుకుంటుంది. చాలా చిన్నది, 12 అధికరణలే. అందుకే మన పాఠానికి తీసుకున్నాను. ఒక్కరోజు కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు.

ఈసారి నేర్చుకోవాల్సిన పని ఒక్కటే. చట్టంలో "చేయకూడదు" అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఆగండి. ఆగి, "అయితే అప్పటికి ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. జరగని పనిని నిషేధించడానికి ఏ రాజూ కాగితం, లక్క ఖర్చుపెట్టడు.

కొంచెం నేపథ్యం

1562 నుంచి 1598 దాకా ఫ్రాన్స్‌లో మత యుద్ధాలు నడిచాయి. 1572 ఆగస్టు 24న ప్యారిస్‌లో మొదలైన సెయింట్ బార్తొలోమ్యూ ఊచకోత వాటిలో అందరికీ తెలిసిన ఘట్టం. నాంట్ శాసనం ఆ యుద్ధాలను ఆపింది, హ్యూగ్నాట్లకు సొంత సైన్యంతో కోట పట్టణాలను కూడా ఉంచింది. 1628లో హ్యూగ్నాట్ల కోట పట్టణం లా రొషెల్ రాజుకు లొంగిపోయాక, 1629 నాటి అలెస్ ఒప్పందంతో ఆ కోటలు పోయాయి. ప్రార్థన హక్కు మాత్రం మిగిలింది. ఇక్కడ ఒక విషయం పట్టుకోండి. 1629 తర్వాత హ్యూగ్నాట్ల దగ్గర సైన్యం లేదు. వాళ్లకు రక్షణగా ఉన్నది రాజు మాట ఒక్కటే.

పీఠిక చెప్పేది

శాసనం పీఠికతో మొదలవుతుంది. మా తాత, మా తండ్రి కూడా రాజ్యంలో ఒకే మతం ఉండాలని కోరుకున్నారు, మరణం వల్ల, యుద్ధాల వల్ల కుదరలేదు, 1684లో యూరప్ రాజులతో సంధి కుదిరింది కాబట్టి ఇప్పుడు మేము ఆ పనికి పూనుకోగలుగుతున్నాం అంటాడు రాజు. ఆ తర్వాత అసలు వాక్యం వస్తుంది. దాని భావం ఇది: ఆ మతంలోని మా ప్రజల్లో ఉత్తములు, అధిక సంఖ్యాకులు ఇప్పటికే కాథలిక్ మతంలో చేరిపోయారు కాబట్టి నాంట్ శాసనంతో ఇక పని లేదు.

ఈ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే, ఆ మతానికి శాసనం వాడిన పేరు కూడా రాయండి. ఎక్కడా ప్రొటెస్టెంట్ మతం అని ఉండదు. "సంస్కరించబడినదని చెప్పుకునే మతం" అని ఉంటుంది. ఎన్నోసార్లు రాయాల్సి రావడంతో దాన్ని మూడక్షరాల పొట్టిపేరుగా కుదించేశారు. లక్షల మంది నమ్మకాన్ని గుమాస్తాలు రోజూ రాసే పొట్టిపేరుగా మార్చడానికి ఎంత అలవాటు పడి ఉండాలో ఆలోచించండి.

అధికరణల్లోకి

మొదటి అధికరణ నాంట్ శాసనాన్ని రద్దు చేసి, ప్రార్థనాలయాలన్నీ వెంటనే కూల్చేయమంటుంది. ఇది జరిగింది కూడా. ప్యారిస్ శివార్లలో షారాంటన్ దగ్గర ఉన్న పెద్ద ఆలయాన్ని కొద్ది రోజుల్లోనే నేలమట్టం చేశారు. రెండు, మూడు అధికరణలు ప్రార్థన కోసం ఎక్కడా గుమిగూడొద్దంటాయి, ప్రభువుల ఇళ్లలో కూడా. వీటి మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

నాలుగు, అయిదు పక్కపక్కన పెట్టి చదవండి. మతం మారని పాస్టర్లు 15 రోజుల్లో దేశం విడిచిపోవాలి, లేదంటే తెడ్ల ఓడల్లో గొలుసులతో చాకిరీ. మారిన పాస్టర్లకు పన్ను మినహాయింపు, ఇంట్లో సైనికులను దించకుండా మినహాయింపు, పాస్టరుగా వచ్చిన జీతం కంటే మూడో వంతు ఎక్కువ పింఛను. భర్త పోతే భార్యకు అందులో సగం. ఆరో అధికరణ ఇంకా ముందుకెళ్తుంది. మారిన పాస్టర్లు లాయర్లు కావాలనుకుంటే మూడేళ్ల చదువు అక్కర్లేదట, ఫీజు కూడా సగమే.

ఇప్పుడు తిరగేసి చదవండి. అందరూ మనస్ఫూర్తిగా మారిపోతుంటే మూడో వంతు ఎక్కువ జీతం ఎందుకు? భార్య పింఛను దాకా ఎందుకు లెక్కేశారు? ఇల్లు గడవదన్న భయంతో ఆగిపోయే మనిషి ఎవరో అధికారులకు బాగా తెలుసన్నమాట. ఈ అధికరణ ఒక కుటుంబం రాత్రిపూట భోజనాల దగ్గర మాట్లాడుకునే మాటలను విని రాసినట్టుంటుంది.

"ఇంట్లో సైనికులను దించకుండా" అన్న మాట దగ్గర తప్పకుండా ఆగాలి. పన్ను మినహాయింపుతో సమానంగా దాన్ని ఎందుకు పెట్టారు? 1681లో పువాతూ ప్రాంతంలో మరియాక్ అనే రాజప్రతినిధి డ్రాగూన్లు అనే గుర్రపు సైనికులను హ్యూగ్నాట్ల ఇళ్లలో దించాడు. సైనికుడికి, గుర్రానికి తిండి పెట్టాల్సింది ఇంటివాళ్లే. సైనికులు సామాను విరగ్గొట్టినా, మనుషులను కొట్టినా అడిగే నాథుడు లేడు. మతం మారినట్టు సంతకం పెడితే ఇంట్లోంచి వెళ్లిపోతారు. 1685 వేసవిలో ఇదే పద్ధతి బేయార్న్‌లో, తర్వాత దక్షిణాదంతా సాగింది. సైన్యం వస్తోందన్న వార్తకే ఊళ్లకు ఊళ్లు మారిపోయాయి. పీఠికలోని "అధిక సంఖ్యాకులు" ఎలా తయారయ్యారో చెప్పేది పీఠిక కాదు, అయిదో అధికరణలోని ఆ చిన్న మినహాయింపు.

ఎనిమిదో అధికరణలో పుట్టబోయే పిల్లల సంగతి ఉంటుంది. ఊరి కాథలిక్ పురోహితుడి చేతనే బాప్తిస్మం ఇప్పించాలి, లేకుంటే 500 లివర్ల (లివర్ అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు) జరిమానా. ఏడో అధికరణ బడులు మూసేయమంటుంది. వీటిని తిరగేయడం మీకే వదిలేస్తున్నాను.

తొమ్మిది, పది అధికరణలు ఈ పాఠానికి గుండెకాయ. ఇప్పటికే దేశం వదిలిపోయినవాళ్లు నాలుగు నెలల్లో తిరిగొస్తే ఆస్తులు తిరిగిస్తాం అంటుంది తొమ్మిదోది. ఎవరూ దేశం దాటొద్దు, దాటితే మగవాళ్లకు తెడ్ల ఓడల శిక్ష, ఆడవాళ్లకు నిర్బంధం, ఆస్తి జప్తు అంటుంది పదోది. ఇందులో నిషేధానికి ముందు ఒక విశేషణం ఉంది: "మళ్లీ మళ్లీ" చెబుతున్న నిషేధం. ఆ ఒక్క మాట కోసమే ఈ శాసనాన్ని ఎంచుకున్నానంటే నమ్మండి. 1669లోనే అనుమతి లేకుండా దేశం వదలొద్దని ఒక శాసనం వచ్చింది. ఆ తర్వాతా వచ్చాయి. పనిచేయలేదు కాబట్టే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈ శాసనం తర్వాత కూడా పనిచేయలేదు. చరిత్రకారుల అంచనాల్లో సుమారు లక్షన్నర నుంచి రెండు లక్షల మంది హాలండ్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మన్ రాజ్యాలకు వెళ్లిపోయారు.

ఆఖరిది 12వ అధికరణ. ఆ మతంలో మిగిలినవాళ్లు, దేవుడు వాళ్లకు వెలుగు చూపేదాకా, బహిరంగ ప్రార్థన లేకుండా తమ ఊళ్లలో ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, వాళ్లను ఎవరూ ఇబ్బంది పెట్టకూడదు అంటుంది. ఇప్పుడు నోట్‌బుక్‌లో పీఠిక వాక్యం చూడండి. దాదాపు అందరూ మారిపోయారు కాబట్టే ఈ శాసనం అన్నారు కదా. మరి మిగిలినవాళ్ల కోసం ప్రత్యేకంగా అధికరణ ఎందుకు? నేను మొదటిసారి చదివినప్పుడు ఈ రెండు చోట్లా పెన్సిల్‌తో గీత గీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. "వ్యాపారం" అన్న మాట కూడా వదలొద్దు. ఏ చేతులు వెళ్లిపోతే ఏం నష్టమో కొలువులో ఎవరికో తెలుసు. అయితే ఈ హామీ ఆచరణలో నిలబడలేదు, సైనికులను ఇళ్లలో దించడం ఆగలేదు.

ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్దాం. గోల్కొండ రాజ్యపు గనుల నుంచి వజ్రాలు కొని, పెద్ద నీలి వజ్రాన్ని 14వ లూయీకి అమ్మిన వర్తకుడు తవెర్నియే ప్రొటెస్టెంటే. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనిని తన యాత్రా గ్రంథంలో వర్ణించినవాడు. రాజు అతనికి ప్రభు హోదా ఇచ్చాడు. అతని సమాజానికి ఈ శాసనం ఇచ్చాడు.

నిరంకుశం అంటే ఎంత?

శాసనం చివర "ఇది మా ఇష్టం కాబట్టి" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. కింద ఆకుపచ్చ లక్కతో రాజముద్ర. అది చూసి రాజు అనుకున్నదల్లా జరిగిపోయేదని రాసేయకండి. శాసనం అమలు కావాలంటే పార్లమెంట్ అనే ఉన్నత న్యాయస్థానాలు తమ పుస్తకాల్లో నమోదు చేయాలి. మన పార్లమెంటుతో పోల్చొద్దు, అది వేరు. నమోదుకు ముందు అభ్యంతరం చెప్పే అలవాటు వాటికి ఉండేది. 1673లో లూయీ దాన్ని తిరగేశాడు: ముందు నమోదు, తర్వాత అభ్యంతరం. ప్యారిస్‌లో ఈ శాసనం 1685 అక్టోబరు 22న నమోదైంది. పరీక్షలో నిరంకుశ రాజరికం గురించి అడిగితే ఈ నమోదు పుస్తకం, జిల్లాల్లోని రాజప్రతినిధి, ఇంట్లో దిగిన సైనికుడు, ఈ మూడింటితో రాయండి.

అభ్యాసం

పారిపోయినవాళ్లను పిలుస్తూ బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ విలియం పోట్స్‌డామ్‌లో ఒక శాసనం ఇచ్చాడు. దానిమీద తేదీ 1685 అక్టోబరు 29. ఫ్రాన్స్ 1582లోనే కొత్త క్యాలెండర్‌కు మారింది, బ్రాండెన్‌బర్గ్ ఇంకా పాతదే వాడుతోంది, తేడా 10 రోజులు. ప్యారిస్ నమోదుకు ఎన్ని రోజుల తర్వాత పోట్స్‌డామ్ శాసనం వచ్చిందో లెక్క కట్టండి. ఆ శాసనంలో వచ్చేవాళ్లకు పాడుబడ్డ ఇళ్లు, కట్టుకోవడానికి సామగ్రి, పన్ను మినహాయింపు, తమ భాషలో ప్రార్థన ఇస్తామని ఉంది. ఈసారి నిషేధాన్ని కాదు, వాగ్దానాన్ని తిరగేయండి: 1648లో ముగిసిన ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత ఆ నేలకు ఏం కొరతగా ఉంటే ఇవి ఇస్తానంటాడో ఒక్కోదాని పక్కన రాయండి. 5వ పాఠం మీ జవాబులతో మొదలుపెడదాం.