‘ఫ్లాష్’ తర్వాతి మాట చూడండి

ఇంగ్లిష్ ప్యాసేజీలో ‘ఫ్లాష్’ క్రియగా కనబడగానే ‘మెరిసింది’ అని టిక్కు పెట్టేసి మార్కు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. శ్రీకాకుళం, విజయనగరంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకి ఇది పనికొస్తుంది.

ముందు ఆ క్రియ తర్వాత ఏముందో చూడండి. పాస్ట్, బై ఉంటే వేగం. ‘ది బస్ ఫ్లాష్డ్ పాస్ట్ గంటస్తంభం’ అంటే బస్సు గంటస్తంభం దాటి రివ్వున పోయింది, వెలుగుతో పనే లేదు. ‘త్రూ మై మైండ్’ ఉంటే ఆలోచన చటుక్కున తట్టింది. బస్ పాసో ఐడీ కార్డో ఉంటే కండక్టరుకి అలా చూపించి ఇలా జేబులో పెట్టేయడం. స్మైల్ అయితే ఓ నవ్వు విసరడం. ఫోన్ అయితే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం, సెల్ షాపుల్లో ‘ఫ్లాషింగ్’ అనేది ఇదే. తర్వాత ఏమీ లేకపోతే కర్తని చూడాలి: లైట్నింగ్ అయితే మెరుపు, ఐస్ (కళ్లు) అయితే ఎక్కువగా కోపం.

తర్వాత నేరుగా మనిషి వస్తే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ‘హి ఫ్లాష్డ్ హర్’ అంటే మామూలుగా బట్టలు తొలగించి అసభ్యంగా ప్రవర్తించాడని. బ్రిటన్ డ్రైవర్ల మాటల్లో అదే హెడ్‌లైట్లు కొట్టాడనీ అవుతుంది. ముందూ వెనకా వాక్యాలు చదివితేగానీ తేలదు. హైవే మీద లారీవాడు లైటు కొట్టాడని మీరే రాయాల్సొస్తే ‘ఫ్లాష్డ్ హిజ్ హెడ్‌లైట్స్ ఎట్ మి’ అని పూర్తిగా రాయండి, హెడ్‌లైట్స్ వదలొద్దు.