సి, డి డ్రైవ్‌లు కలిపే ముందు చూసుకోవాల్సినవి

సి డ్రైవ్ గీత ఎర్రబడింది, పక్కన డి ఖాళీగా ఉంది. కలిపేయాలనిపిస్తుంది. ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి టెంపరరీ ఫైళ్లు తీసేయండి. చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది. అప్పటికీ చాలకపోతే ఇవి చూసుకోండి.

• డ్రైవ్‌లను మార్చుకోవడానికి విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నేరుగా కలిపే బటన్ లేదు. డి ని డిలీట్ చేసి, ఆ ఖాళీని సి కి ఇవ్వాలి. డి లో ఉన్నదంతా పోతుందన్నమాట! పెళ్లి ఫొటోలు, షాపు ట్యాలీ డేటా, ఏవున్నా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందిలే అని వదిలేయకుండా, ఆ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

• డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను ఎవరైనా డి లోకి మార్చి ఉంటే మళ్లీ సి కి తేవాలి. డి లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవాల్సిందే.

• రెండూ ఒకే డిస్క్‌లో ఉన్నాయా? ఒకటి డిస్క్ 0, ఇంకోటి డిస్క్ 1 అయితే ఈ పద్ధతి పనికిరాదు.

• ఖాళీ జాగా సి కి సరిగ్గా కుడిపక్కనే ఉండాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి డిస్క్‌లో ఉంచిన భాగం) ఉంటే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కడానికి రాదు. చిరాకుపడి దాన్ని డిలీట్ చేయకండి. విండోస్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ జోలికైతే అసలే పోవద్దు, విండోస్ బూట్ అవదు.

• బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ రక్షణ) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

• వేరే సాఫ్ట్‌వేర్‌తో పార్టిషన్ జరుపుతుంటే గంటలు పట్టొచ్చు. ల్యాప్‌టాప్‌కి చార్జర్, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి. కరెంటు కోతల వేళ మొదలుపెట్టకండి.