అమ్మాన్ పోరును ఒక్క పీరియడ్‌లో చెప్పడం ఎలా

తిరుపతిలో పద్నాలుగేళ్లుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. 1970 సెప్టెంబరులో జోర్డాన్ సైన్యానికీ పాలస్తీనా ఫిదాయీలకూ (ఇజ్రాయెల్ మీద పోరాడే సాయుధ గెరిల్లాలకూ) జోర్డాన్ రాజధాని అమ్మాన్ వీధుల్లో జరిగిన పోరు చెప్పాల్సి వస్తే, విమానాల హైజాక్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నేను మొదటి ఏడు అదే చేశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, అసలు వాళ్లు ఆ ఊళ్లోకి ఎట్లా వచ్చినారు?" అని అడిగింది. పాఠం అక్కడే ఆగిపోయింది.

అందుకే ముందు 1948, 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాలు చెప్పండి. ఆ యుద్ధాల్లో ఇళ్లు పోగొట్టుకొని వచ్చిన పాలస్తీనీయుల శిబిరాలు వహ్దాత్, జబల్ హుసేన్ అమ్మాన్‌లోనే ఉన్నాయని బోర్డు మీద రాయండి. పావుగంట దీనికే పోయినా ఫర్వాలేదు.

క్లాసుకు ఒక పాత దుప్పటి తీసుకెళ్లండి. టేబుల్ మీద పరిచి రెండు వైపుల నుంచీ మధ్యకు నెడితే మడతలు లేస్తాయి. అమ్మాన్ కూడా మొదట ఏడు కొండల మీద వెలిసిన ఊరే అనగానే మన పిల్లలు చెవులు రిక్కిస్తారు. మన కొండలు ఊరికి ఒక పక్కన ఉంటాయి, అక్కడ ఊరే కొండల మీద ఉంటుంది. ఒక అగ్గిపెట్టె ఇచ్చి, ఇది ట్యాంకు, మడతల్లోంచి తోయమనండి. ఇరుక్కుంటుంది. పైన మిద్దెల మీద, కిటికీల వెనక తుపాకులున్నాయని చెప్పండి. సెప్టెంబరు 17న ఊళ్లోకి దిగిన జోర్డాన్ సైన్యం ఆ పేటల మీద ఫిరంగులు ఎందుకు పేల్చిందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. ఆ గుండ్లు పడింది పిల్లాపాపలతో జనం కాపురముంటున్న ఇళ్ల మీద. ఈ మాట దాటవేయకండి.

హైజాక్ సంగతి ఇప్పుడు చెప్పండి. విమానాలను ఎడారిలో దించి, 12న మూడింటిని పేల్చేసింది ఫిదాయీల్లో ఒక వర్గమైన జార్జ్ హబాష్ పీఎఫ్ఎల్‌పీ. ఫిదాయీలందరినీ పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) నాయకుడు అరాఫత్ మనుషులనేస్తే తప్పు. బోర్డు మీద అటు వీళ్లు, ఇటు వాళ్లు అని గీత కూడా గీయకండి. జోర్డాన్ రాజు హుసేన్ సైన్యంలోనూ పాలస్తీనా మూలాలున్న సిపాయిలు ఉండేవారు. చనిపోయినవాళ్ల లెక్కల్లో వేలల్లో తేడా ఉంది, ఏ అంకె రాసినా అది ఎవరు చెప్పిందో పక్కనే రాయించండి.

ఫిదాయీలకు సాయంగా సిరియా ట్యాంకులు ఉత్తరాన వచ్చి వెనక్కి పోవడం రెండు వాక్యాల్లో చాలు.

27న కైరోలో హుసేన్, అరాఫత్‌ల మధ్య ఒప్పందం, మర్నాడే దాన్ని కుదిర్చిన ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ మరణం. పిల్లలు పుస్తకం మూసేస్తారు. మూయనివ్వకండి. జోర్డాన్ ఉత్తరాన జెరష్, అజ్లూన్ కొండల్లో 1971 జులై దాకా పోరు నడిచింది. మిగిలిన ఫిదాయీల్లో చాలామంది లెబనాన్ చేరారు.