ఫ్రెండ్స్‌తో ట్రిప్పు: డబ్బులు అడగడానికి మొహమాటపడకుండా

శని, ఆదివారాల్లో అరకు వెళ్లొచ్చాక "నా డబ్బులు ఎప్పుడిస్తావురా" అని అడగడం కన్నా, బండెక్కే ముందే పోగెయ్యడం తేలిక. ఐదుగురైతే తలా 2,500 చొప్పున శుక్రవారం సాయంత్రంలోగా ఒకరి ఫోన్‌పేకి కొట్టించండి. ఆ తర్వాత టిఫిన్లు, పెట్రోలు, బొర్రా గుహల టికెట్లు, అన్నీ ఆ ఒక్క అకౌంట్ నుంచే పోవాలి. ఇంకెవరైనా మధ్యలో "ఇది నేనిస్తాలే" అన్నారో, లెక్క అక్కడే చెడుతుంది.

పెట్రోలు లెక్క ముందే వేసుకోండి. వైజాగ్ నుంచి రానూపోనూ, అక్కడ తిరుగుడుతో కలిపి 270 కిలోమీటర్లు. ఘాట్‌లో మైలేజీ పడిపోతుంది కాబట్టి లీటరుకు 12 అనుకుంటే ఇరవై రెండున్నర లీటర్లు. కారు తెచ్చినవాడిని ఈ వాటాలోంచి తప్పించండి. అరుగుదల వాడిదే కదా.

అసలు పేచీ మందు దగ్గర. తాగనివాడు పైకి ఏమీ అనడు, లోపల లెక్కేసుకుంటాడు. ఆర్డరిచ్చేటప్పుడే "మందు బిల్లు వేరే" అని చెప్పండి. మద్యం జీఎస్టీలో లేదు కాబట్టి చాలా బార్లు ఎలాగూ విడిగానే కొడతాయి.

ఇంకా రావాల్సింది ఉంటే ఆదివారం రాత్రే, గ్రూపులో కాకుండా విడిగా, బిల్లు ఫొటోతో పంపండి: "రేయ్, అరకు లెక్క తేలింది. నీది ఇంకో 340. ఈ క్యూఆర్‌కి కొట్టెయ్." "వీలైనప్పుడు ఇవ్వు" అని మాత్రం రాయకండి, ఆ వీలు రాదు.