మే నెల ఎండకి నిలిచేలా ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేయడం ఎలా?

విజయనగరంలో మా ఇంట్లో, ఒక డిసెంబర్ రాత్రి పదకొండు దాటాక కిటికీ తలుపులు తీసిపెట్టుకుని నా రైజెన్ 5 3600 ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలుగా నడిచే వేగం కన్నా పెంచి, 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టాను. గంటసేపు పరీక్ష పెట్టినా కదల్లేదు. నాలుగు నెలలు ఏ గొడవా లేదు. మే మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, బంధువుల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతుండగా స్క్రీన్ నీలంగా మారి ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. విండోస్ పాడైందనుకుని కొత్తగా ఎక్కించాను, ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. తీరా చూస్తే తప్పు నాదే. చలికాలం రాత్రి పాసైన పరీక్షని ఏడాది పొడుగునా పాసైనట్టు లెక్కేసుకున్నాను.

శ్రీకాకుళంలో ఉండే మా పిన్ని కొడుకు ఈమధ్య ఫోన్ చేసి, "అన్నియ్యా, నాదీ స్పీడు పెంచుదామనుకుంటన్నాను, ఏటి చెయ్యాల?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ వరసలో పెడుతున్నాను.

ముందు మీది పెరిగే రకమో కాదో చూసుకోండి. ఇంటెల్ అయితే పేరు చివరి అక్షరాల్లో 'కె' ఉండాలి, మదర్‌బోర్డు జెడ్ వరసది కావాలి, అంటే జెడ్490, జెడ్790 లాంటివి. ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి వేగం పెంచకుండా ఆపే తాళం ఉండదు. బోర్డు బి450, బి550, ఎక్స్570 లాంటిదైతే చాలు. ఏ320 బోర్డులో కుదరదు. 5800ఎక్స్3డి ప్రాసెసర్‌కి మాత్రం ఏ బోర్డులో పెట్టినా తాళమే. ల్యాప్‌టాప్‌ల జోలికి, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన పాత కంప్యూటర్ల జోలికి వెళ్లకండి. వాటిలో మార్చడానికి సాధారణంగా ఏమీ ఉండదు.

ఇంకో మాట. ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే ఇంటెల్, ఏఎండీ వారంటీ వర్తించదు.

వేడి లెక్క

బేస్ క్లాక్ అంటే బోర్డు ఇచ్చే మూల వేగం, 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఒక రేషియోతో హెచ్చిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. రేషియో 42 అయితే 4.2 గిగాహెర్ట్జ్. మనం మార్చేది ఆ రేషియోనే, బేస్ క్లాక్ జోలికి పోవద్దు. చిక్కంతా ఎక్కడంటే, వేగం పెరిగేకొద్దీ ప్రాసెసర్ ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది. వేడి వేగంతో పాటే పెరుగుతుంది కానీ, వోల్టేజ్‌కి మాత్రం వర్గంలో పెరుగుతుంది, అంటే వోల్టేజ్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. 4.0 దగ్గర 1.2 వోల్టులతో నడిచేది 4.2 దగ్గర 1.3 అడిగిందనుకోండి. వేగం పెరిగింది నూటికి 5, వేడి పెరిగింది దాదాపు 23. పది నిమిషాల వీడియో పనిలో మిగిలేది అర నిమిషం. గేముల్లో గ్రాఫిక్స్ కార్డు వెనకబడి ఉంటే అదీ మిగలదు. ఇది చదివాక కూడా చేయాలనిపిస్తే చేయండి, నాకైతే అనిపించింది.

దీనికి గది వేడి తోడవుతుంది. ఫ్యాన్ కూలరైనా, నీళ్ల కూలరైనా ప్రాసెసర్‌ని గది కన్నా చల్లగా చేయడం దాని వల్ల కాదు. గదిలో ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ మీదా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. డిసెంబర్‌లో సుమారు 22 డిగ్రీల గదిలో నాది 78 చూపించింది. మేలో గది 36 అయ్యేసరికి 92కి చేరింది. 3600కి హద్దు 95. పైగా వేడెక్కిన ప్రాసెసర్ అదే వేగానికి ఇంకాస్త వోల్టేజ్ కోరుతుంది. అందుకే హద్దు దాటకముందే పడిపోయింది.

కాబట్టి మొదటి ఖర్చు కూలర్ మీద పెట్టండి. 3600తో పాటు వచ్చే చిన్న కూలర్ మామూలు వాడకానికి సరే, దీనికి చాలదు. పాతది తీసేటప్పుడు ఒక జాగ్రత్త: ఏఎం4 బోర్డుల్లో (3600 లాంటి రైజెన్‌లు కూర్చునే రకం) ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి దాని కాళ్లు (పిన్నులు) వంగిపోవచ్చు. పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి వేడెక్కించి, ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. కొత్త పేస్ట్ శనగ గింజంత చాలు. కేబినెట్‌లో దుమ్ము కూడా అప్పుడే దులిపేయండి.

బయోస్‌లో పని

ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇప్పుడున్న స్థితి రాసి పెట్టుకోండి: ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ప్రోగ్రామ్‌లో స్కోరు ఎంత, ఆ సమయంలో హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్ చూపించే ప్రాసెసర్ వేడి ఎంత, గదిలో వేడి ఎంత. ఆ మూడో అంకెని నేను డిసెంబర్‌లో రాసుకోలేదు, పైన చెప్పిన 22 నా అంచనాయే.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల వాళ్లు అన్నిటికన్నా ముందు బయోస్, అంటే విండోస్ కన్నా ముందు లేచే బోర్డులోని సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయాలి. అవి అవసరానికి మించి వోల్టేజ్ అడిగి దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని సవరణ ఇచ్చింది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలన పడొచ్చు. గాలివాన రోజున ఆ పని పెట్టుకోవద్దు.

కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సీపీయూ రేషియో, సీపీయూ కోర్ వోల్టేజ్ రెండూ ఆటోలో ఉంటాయి. రేషియో పెంచి వోల్టేజ్‌ని ఆటోలోనే వదిలేయకండి, బోర్డు తన భద్రత కోసం అవసరం లేనంత వోల్టేజ్ ఎక్కిస్తుంది. నా ప్రాసెసర్‌కి రేషియో 40, వోల్టేజ్ 1.2 వోల్టులతో మొదలుపెట్టాను. పని ఎక్కువైనప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే లోడ్ లైన్ అనే సెట్టింగ్ ఉంటే మధ్యస్థంగా ఉంచండి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఇప్పుడే పెట్టొద్దు. రెండూ ఒకేసారి మారిస్తే దోషం ఎవరిదో తేలదు.

సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చి పది నిమిషాలు ప్రైమ్95 (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రోగ్రామ్) నడపండి. నిలబడితే రేషియో అర అంకె (ఇంటెల్ అయితే ఒక అంకె) పెంచండి, మళ్లీ పది నిమిషాలు. హ్యాంగ్ అయినా, నీలం స్క్రీన్ వచ్చినా, ప్రైమ్95లో ఒక్క వర్కర్ (విడిగా నడిచే ఒక లెక్క) ఆగినా వోల్టేజ్ 0.0125 పెంచి చూడండి. నేను 1.3 దాటనివ్వను. అది 3600కి నేను గీసుకున్న గీత, మీ ప్రాసెసర్‌కి గీత వేరే ఉంటుంది. వోల్టేజ్ పెంచుతున్నా వేగం పెరగడం ఆగిందంటే అదే దాని చివర. రెండడుగులు వెనక్కి రండి.

అసలు ఆన్ కాకపోతే టెన్షన్ పడొద్దు. చాలా బోర్డులు రెండుమూడు ప్రయత్నాల తర్వాత వాటంతటవే పాత సెట్టింగ్‌లకి వచ్చేస్తాయి. రాకపోతే ప్లగ్గు పీకి, బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి.

రైజెన్ 7000 వరస వాళ్లకి ఈ దారి వద్దు. అవి పని ఎక్కువైతే 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి. వాటికి బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌ని మైనస్ 10తో మొదలుపెట్టి వోల్టేజ్ తగ్గించండి. వేడి తగ్గుతుంది, వేగం దానికదే కాస్త పెరుగుతుంది.

చివరి పరీక్ష

ఇది మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, ఏసీ లేకుండా, కిటికీలు మూసి. కనీసం రెండు గంటలు. ప్రాసెసర్ వేడి 85 డిగ్రీలు దాటితే నేను వెనక్కి తగ్గుతాను. మే దాకా ఆగలేకపోతే, చలికాలంలో వచ్చిన అంకెకి 15 కలిపి చూసుకోండి. నాది ఇప్పుడు 4.1 దగ్గర, 1.225 వోల్టుల మీద ఉంది. పెళ్లి వీడియో అక్కడే పూర్తయింది.

మావాడు మొన్న మధ్యాహ్నం ఈ పరీక్ష మొదలుపెట్టి, గంటన్నర తర్వాత ఫోన్ చేశాడు, కరెంటు పోయిందని. ఇన్వర్టర్ ఉంది కానీ యూపీఎస్ మోడ్‌లో పెట్టలేదు, అది అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోయింది. సాయంత్రం ఆరింటికి చల్లబడ్డాక మళ్లీ పెడతానన్నాడు. ఇన్వర్టర్ మోడ్ మార్చుకుని రేపు మూడింటికే పెట్టమన్నాను.